వేడెక్కిన ల్యాప్‌టాపు, నాలుగు రబ్బరు కాళ్లు

నువ్వు బతుకంతా చేసిన పనేంటని ఎవరైనా అడిగితే "ఊదడం" అని చెబుతాను. మా అమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చుని మంట లేవాలని ఊదింది. నేను తెనాలిలో బల్ల ముందు కూర్చుని వేడి తగ్గాలని ఊదాను. ఆవిడ కళ్లలో బూడిద పడింది, నా కళ్లలో దుమ్ము పడింది. మధ్యలో కరెంటు బ్లోయర్లు వచ్చాయి కాబట్టి నా ఊపిరితిత్తులు కొంచెం మిగిలాయి.

నా పేరు జానీ బాషా. మొదట రేడియోలు బాగుచేశాను, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు. చివరికొచ్చేసరికి అన్నీ ల్యాప్‌టాపులే. షాపు తెనాలిలో. బుధవారం బాపట్లలో, శనివారం రేపల్లెలో, తెలిసినవాళ్ల సెల్‌ఫోన్ షాపుల్లో ఒక మూల కుర్చీ వేసుకుని మిషన్లు తీసుకునేవాణ్ణి. పోయినేడాది షట్టర్ దించేసి ఇంట్లో కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి "సలహాలు చెప్పండి సార్" అంటారు. వాళ్లకి కావాల్సింది ఏ బ్లోయర్ కొనాలి, ఏ పేస్టు మంచిది అన్న సంగతులు. అవన్నీ ఫోన్లో వీడియోలు చూస్తే తెలుస్తాయి. ఏ వీడియోలోనూ దొరకనివి నేను చేసిన వెధవ పనులు.

వాటిలో ఒకటి ఒక ఆడపిల్ల ఉద్యోగం మీదికి తెచ్చింది. అసలు అది చెప్పడానికే ఈ కాగితాలు ముందేసుకున్నాను. కాకపోతే పెద్దవాణ్ణయ్యాను, తిన్నగా నడవలేను. దారిలో రెండు మూడు చోట్ల ఆగుతాను, ఓపిక పట్టండి.

కోటేశ్వరరావు గారి చెయ్యి

నాకు కంప్యూటర్ విప్పడం నేర్పింది కోటేశ్వరరావు గారు. వాళ్లది మాగాణి కుటుంబం. పొలంలో దిగితే జలుబు చేస్తుందని ఆయన తెనాలిలో కంప్యూటర్ల షాపు పెట్టారు. మనిషి మంచివాడు, నోరు మాత్రం ఆయన చేతిలో ఉండేది కాదు. మొదటి రోజు నేను వేడెక్కిన మిషన్ మీద అరచెయ్యి పెట్టి చూస్తుంటే వెనకనుంచి అరిచారు.

"ఏంటయ్యా, పిల్లాడికి జ్వరమొస్తే ఎట్టా చూస్తావు?"

"చేతి వెనకభాగం పెట్టి చూస్తానండి."

"మరి దీనికెందుకు అరచెయ్యి? స్క్రూడ్రైవర్ పట్టీ పట్టీ నీ అరచెయ్యి మొద్దుబారింది. దానికేం తెలుస్తుంది?"

అప్పటినుంచి ఇప్పటివరకు నేను చేతి వెనకభాగమే పెడతాను. మా ఇంట్లో టీ గ్లాసు ముట్టుకున్నా అంతే.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెబుతాను. ల్యాప్‌టాప్ లోపల ఒక చిన్న ఫ్యాను ఉంటుంది. అది కింద ఉన్న రంధ్రాల్లోంచి చల్లగాలి పీల్చుకుని, లోపలి వేడిని పక్కనున్న రంధ్రాల్లోంచి బయటికి తోస్తుంది. దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు, వేడి లోపలే ఉండిపోతుంది. మరీ మితిమీరితే మిషన్ తనంతట తానే ఆగిపోతుంది. అది చెడిపోవడం కాదు, కాలిపోకుండా తనని తాను కాపాడుకోవడం. ఎక్కడ ఆగాలో అంత బాగా తెలిసిన మనుషుల్ని నేను చాలా తక్కువమందిని చూశాను.

రావు గారిని దేవుణ్ణి చేసి చెప్పను. ఫ్యాను శుభ్రంగా తిరుగుతున్నా మార్చేసేవారు. "కొత్త ఫ్యాను గాలి వేరయ్యా" అనేవారు. ప్రాసెసర్ మీద వేడి లాగడానికి బియ్యపు గింజంత పేస్టు పెట్టాల్సిన చోట ఉప్మా పెసరట్టులో ఉప్మా పెట్టినంత పెట్టేవారు. కానీ ఆయన దగ్గర రెండు అలవాట్లు ఉండేవి. ఒకటి, పని బల్ల మీద అడ్డంగా రెండు చెక్క రీపర్లు కొట్టించారు. ఏ ల్యాప్‌టాప్ అయినా వాటిమీదే పెట్టి పరీక్షించాలి. కింద గీతలు పడవు, స్క్రూలు దొర్లిపోవు. రెండోది, ఎవరు మిషన్ తెచ్చినా విప్పకముందు "దీన్ని ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటారమ్మా?" అని అడిగేవారు. జవాబు నచ్చకపోతే స్కూటరేసుకుని వాళ్లింటికి వెళ్లిపోయేవారు.

నేను మొదటి అలవాటు నేర్చుకున్నాను. రెండోది ఆయన కాఫీ కోసం వేసే వేషమనుకున్నాను. కాఫీ కోసమే, అందులో సందేహం లేదు. కానీ కాఫీ తాగుతూ ఆయన కళ్లు ఎటు తిరిగేవో నేను గమనించలేదు. ఆయన తర్వాత ఆ బల్లా, రీపర్లూ నాకే వచ్చాయి. స్కూటర్ అలవాటు మాత్రం ఆయనతోనే పోయింది.

పసుపు, గంధం, ఐసు పెట్టె

దసరా వెళ్లిన వారం మాకు పంట చేతికొచ్చే కాలం. ఆయుధ పూజకి బండికి, మోటారుకి, కుట్టుమిషనుకి బొట్టు పెడతారు, ల్యాప్‌టాపు ఏం పాపం చేసింది? మూత మీద పెట్టి ఊరుకుంటే గొడవ లేదు. మనవాళ్ల భక్తి అక్కడ ఆగదు. పక్కన గాలి వెళ్లే చీలికలు వరసగా, అందంగా కనబడతాయి కదా, వాటికి నిండుగా గంధం రాస్తారు. అది ఎండిందంటే సిమెంటే.

బాపట్లలో ఒక లెక్చరర్ గారి మిషన్ విప్పితే కుంకుమ ఫ్యాను రెక్కల దాకా పోయింది. ఇదేంటండీ అంటే ఆయన గొంతు తగ్గించి, "మా ఆవిడ పెట్టిందండి. తుడిచేశామని తెలిస్తే ఊరుకోదండి" అని బతిమాలారు. నేను సాయిబుని. ఇంకొకరి ఇల్లాలు పెట్టిన బొట్టు తుడవాలంటే నాకే మొహమాటం. లోపలంతా శుభ్రం చేసి, మూత మీద రూపాయి బిళ్లంత బొట్టు నేనే పెట్టి ఇచ్చాను. దేవుడికీ ఫ్యానుకీ ఇద్దరికీ ఇబ్బంది లేకుండా పోయింది.

రేపల్లె అవతల రొయ్యల చెరువులున్న వీరయ్య గారిది ఇంకో కథ. చెరువు గట్టు మీద రేకుల షెడ్డు, అందులో ల్యాప్‌టాపు. ఎండాకాలంలో ఒక శనివారం ఆయన మిషన్‌ని గోతాం సంచీలో పెట్టుకుని వచ్చారు. సంచీ అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏమైందండీ?"

"వేడెక్కుతుందన్నారు గదా, చల్లబెట్టానండి."

"దేంతో చల్లబెట్టారు?"

"ఐసు పెట్టెలో పెట్టానండి. ఊరికే పెట్టలేదు, కవర్లో చుట్టే పెట్టాను. ఒక్క గంట."

"రొయ్యల పెట్టెలోనా?"

"లారీల కొద్దీ రొయ్యలు మద్రాసు దాకా చెడకుండా పోతన్నాయి బాషా గారూ, ఇదెంత చెప్పండి?"

విప్పి చూస్తే లోపల చెమట పట్టినట్టు నీళ్ల బొట్లు. ఒక మూల రొయ్య మీసం కూడా దొరికింది. మిషన్ బతకలేదు. ఆయనకి కోపం రాలేదు. "రొయ్యకున్న ఓపిక కూడా లేదండీ దీనికి" అని తిట్టుకుంటూ వెళ్లి కొత్తది కొనుక్కున్నారు.

ఈ కథ చెప్పి నేను చాలా ఏళ్లు జనాన్ని నవ్వించాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన్ని చూసి నవ్వాల్సిందేమీ లేదు. తన పనిలో పనికొచ్చిన తెలివినే ఆయన ఇక్కడా వాడారు. వేడెక్కిన మిషన్‌కి కావాల్సింది చల్లదనం కాదు, గాలాడటం అని ఎవరు చెప్పారు ఆయనకి? చెప్పాల్సినవాణ్ణి నేను. వేడెక్కుతోందని ముందువారం ఆయనతో అన్నది నేనే, ఏం చెయ్యాలో చెప్పకుండా టీ తాగడానికి లేచిందీ నేనే.

పచ్చడి సీసా

ఇక నా సొంత ఘనతకి వస్తాను.

ల్యాప్‌టాప్‌ని తిరగేస్తే అడుగున నాలుగు మూలలా నాలుగు చిన్న రబ్బరు ముక్కలుంటాయి. వాటినే మేము కాళ్లంటాం. చాలా మిషన్లలో స్క్రూలు సరిగ్గా వాటి కిందే దాక్కుంటాయి. విప్పాలంటే కాళ్లు పీకాలి. పీకగానే పాత జిగురు ఎండిపోయి రాలిపోతుంది. మళ్లీ అంటించాలంటే రెండువైపులా అంటుకునే టేపు తెచ్చి, గుండ్రంగా కత్తిరించి, ఒక్కోటీ అద్దాలి. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు నేను ఎవరికీ ఇవ్వలేదు. పీకిన కాళ్లని బల్ల మీదున్న ఖాళీ ఆవకాయ సీసాలో వేసేసేవాణ్ణి.

ఇన్నేళ్లలో "నా మిషన్ కాళ్లేవండీ?" అని ఒక్కరు అడగలేదు. అడగనిది తిరిగి ఇవ్వకపోవడం మా వృత్తిలో తప్పు కింద రాదు. తెనాలిలో నాకు తెలిసిన మెకానిక్కులందరిదీ ఇదే పద్ధతి. పైగా సీసా నిండుతుంటే నాకు గర్వంగా ఉండేది. షాపుకొచ్చినవాళ్లు అదేంటని అడిగితే, "ఇన్ని మిషన్లు విప్పానండి" అని ఊపి చూపించేవాణ్ణి. పతకాలు చూపించుకున్నంత సంబరం.

లోపం లేదని రాసిచ్చాను

తిరుపతమ్మ బాపట్ల అమ్మాయి. వాళ్లమ్మ నాగేంద్రమ్మ రోజూ పొద్దున పాసింజరెక్కి వేటపాలెం వెళ్లి జీడిగింజలు కొట్టి పప్పు తీసే పని చేస్తుంది. ఆ పెంకులో ఉండే నూనె వేళ్లని కాల్చేస్తుంది. ఆవిడ చేతివేళ్లు కొసల్లో ఎప్పుడూ నల్లగా ఉంటాయి. కూతురు కూడా చదువుకునే రోజుల్లో సెలవులొస్తే ఆ పనికే వెళ్లేది. డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఒక కంపెనీ కస్టమర్లతో ఫోన్లు మాట్లాడే ఉద్యోగం దొరికింది. మిషన్ తనే తెచ్చుకోవాలి. మూడు నెలలు చూసి, బాగుంటే ఉంచుకుంటామన్నారు.

రెండో నెలలో ఆ మిషన్ వేడెక్కి ఆగిపోవడం మొదలెట్టింది. మాట్లాడుతుండగా ఆగితే ఫోన్ తెగిపోతుంది. అవతల కస్టమర్ తిట్లు, ఇవతల పైవాళ్ల చీవాట్లు. ఒక ఆదివారం తెనాలి వచ్చి నా ముందు పెట్టింది.

"బాషా గారండీ, మా మేడమ్ ఇప్పటికి రెండుసార్లు హెచ్చరించారండి. ఇదిట్టాగే ఆగిపోతే తీసేస్తారండి. తీసేస్తే మళ్లీ అమ్మ పక్కన జీడిగింజలేనండి."

"భయమేం లేదమ్మా" అన్నాను. ఈ మాట నేను అన్నవాళ్లలో సగం మందికి భయపడటానికి కావల్సినంత కారణం ఉండేది.

విప్పాను. ఫ్యాను ముందు దుమ్ము చిన్న బొంతలా పరుచుకుని ఉంది. ఊదాను, తుడిచాను, పేస్టు పెట్టాను. పీకిన కాళ్లు సీసాలో పడ్డాయి. రీపర్ల మీద పెట్టి రెండు గంటలు వీడియో ఆడించాను. చేతి వెనకభాగం పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది, అంతే. అమ్మాయి దణ్ణం పెట్టి వెళ్లింది.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఇదివరకు గంటకి ఆగేది ఇప్పుడు పావుగంటకే ఆగుతోందట. రావు గారు పూనినట్టు ఫ్యాను మార్చేశాను. రీపర్ల మీద పెట్టాను, బ్రహ్మాండంగా ఆడింది. మూడో ఆదివారం మళ్లీ ప్రత్యక్షం. నాకు ఒళ్లు మండింది.

"ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటున్నావమ్మా? నిజం చెప్పు. పరుపు మీదేనా?"

"లేదండి, టేబుల్ మీదేనండి."

"టేబుల్ మీద ఏమైనా గుడ్డ పరిచావా?"

"లేదండి. ఉత్త టేబులేనండి."

నేను నమ్మలేదు. పరుపు మీద పెట్టుకునేవాళ్లెవరూ ఆ ముక్క ఒప్పుకోరు. డాక్టర్ దగ్గర సిగరెట్ల సంగతి చెప్పనట్టే, మా దగ్గర పరుపు సంగతి చెప్పరు. పొద్దున తెచ్చినప్పటినుంచి రీపర్ల మీద ఆడుతున్న మిషన్ చూపించాను.

"చూడు, పొద్దున్నుంచి ఆడుతూనే ఉంది. నా బల్ల మీద ఆడేది మీ ఇంట్లో ఎందుకు ఆడదు?"

చాలా మంచి ప్రశ్న. నన్ను నేను అడుక్కోవాల్సింది పోయి ఆ పిల్లని అడిగాను. పాపం ఏం చెబుతుంది? అప్పుడు అసలు సంగతి చెప్పింది. తనే కావాలని ఫోన్లు కట్ చేస్తోందని మేడమ్ అనుమానపడుతోందట. మిషన్ పాడైన మాట నిజమేనని మెకానిక్ రాసిన కాగితం గురువారం పొద్దున్నకల్లా పంపాలట.

నేను షాపు పేరున్న కాగితం తీశాను. "ఈ మిషన్‌లో ఏ లోపమూ లేదు. వాడే పద్ధతిలోనే లోపం ఉంది" అని రాశాను. సంతకం పెట్టాను. ముద్ర కూడా కొట్టాను. ఆ గుండ్రటి ముద్ర అంటే నాకు మహా మోజు. అమ్మాయి కాగితం చదివింది, నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది. నేను భోజనానికి వెళ్లాను. ఆ రోజు బిర్యానీ అని కూడా గుర్తుంది, రెండోసారి పెట్టించుకున్నాను.

గుడ్డ దూరట్లేదు

బుధవారం బాపట్లలో నా మూల కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఒకావిడ తిన్నగా నా ముందుకొచ్చి కాగితం మడత విప్పింది. కాగితం కంటే ముందు నల్లబడిన వేళ్లు కనబడ్డాయి.

"సాయిబు గారండీ, ఇది రాసింది మీరేనాండి?"

"అవునమ్మా."

"నేను తిరుపతమ్మ వాళ్లమ్మనండి. నాకు చదువు రాదు, పక్కింటాయనతో చదివించుకున్నాను. మా అమ్మాయికి వాడటం రాదని రాశారంట."

"అలా కాదమ్మా, అంటే…"

"అట్టాగే రాశారండి. ఇది పంపిస్తే ఉద్యోగం పోద్ది, పంపకపోయినా పోద్దని రెండ్రోజుల నుంచి ఏడుస్తంది. ఇయ్యాళ నేను పనికెళ్లలేదు. మీరు మా ఇంటికొచ్చి ఆ తప్పేంటో చూపించండి. నిజంగా తప్పుంటే రేపు నేనే దాన్ని నాతోపాటు రైలెక్కిస్తాను."

వెళ్లాను. సాయం చేద్దామని కాదు, గెలుద్దామని. పరుపు మీద మడతపెట్టిన దుప్పటి, దాని మీద మిషన్, ఇవన్నీ ఊహించుకుంటూ, ఏం ఉపన్యాసమివ్వాలో దారంతా కూర్చుకుంటూ వెళ్లాను.

ఒక గది, పక్కన వంటిల్లు. కిటికీ దగ్గర నున్నటి పలక వేసిన ఇనప టేబులు, దాని మీద ల్యాప్‌టాపు. టేబుల్ మీద గుడ్డ లేదు, పుస్తకం లేదు, దుమ్ము రేణువు లేదు. పక్కన స్టాండు ఫ్యాను మిషన్ వైపే తిప్పి పెట్టారు. మంచం గదికి అవతలి మూలన ఉంది. అమ్మాయి చెప్పిందంతా అక్షరాలా నిజం.

తిరుపతమ్మకి అది భోజనం వేళ. వీడియో పెట్టమన్నాను. కాసేపటికి లోపలి ఫ్యాను రొదపెట్టడం మొదలెట్టింది. పావుగంటకి తెర నల్లబడిపోయింది. నేను ప్లగ్గు చూశాను, వైరు చూశాను, కరెంటు వాళ్లని తిట్టడానికి సందు దొరుకుతుందేమోనని గోడ మీద బోర్డు కూడా చూశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అంత జరిగినా నా పని మీద మాత్రం నాకు అనుమానం రాలేదు.

నాగేంద్రమ్మ గుమ్మం దగ్గరనుంచి అంది.

"నేనొక మాట చెప్తే నవ్వరు గదా?"

"చెప్పమ్మా."

"రోజూ పొద్దున పనికెళ్లే ముందు ఈ టేబులు తుడుస్తానండి. ఇదివరకు దాన్ని ఎత్తే పనుండేది కాదు. గుడ్డ దాని కింద దూరేది. ఇటు పెట్టి లాగితే అటు వచ్చేది. మీ దగ్గరికెళ్లొచ్చిన కాణ్ణించి దూరట్లేదండి. ఎత్తి తుడవాల్సి వస్తంది. అమ్మాయికి చెప్తే, నీకేం తెలుసులే అమ్మా అంది."

తిరుపతమ్మ తల దించుకుంది. నేను మిషన్ ఎత్తి తిరగేశాను. నాలుగు మూలలా నాలుగు మచ్చలు, ఎండిన జిగురు మచ్చలు. కాళ్లు లేవు.

కాళ్లున్నప్పుడు మిషన్‌కీ టేబుల్‌కీ మధ్య గుడ్డ దూరేంత సందు ఉండేది. ఫ్యాను అందులోంచి గాలి పీల్చుకునేది. కాళ్లు పీకి పంపాక ఆ నున్నటి పలకకి బల్లిలా అతుక్కుపోయింది, గాలి పీల్చే దారి మూసుకుపోయింది. నా బల్ల మీద రీపర్లున్నాయి కాబట్టి కింద గాలాడేది. అందుకే నా దగ్గర బతికింది, వీళ్ల దగ్గర చచ్చింది. మొదటిసారి దుమ్ము నిజమే. ఆ తర్వాత వచ్చిన జబ్బంతా నేను పెట్టి పంపిందే.

సిగ్గేసింది. ఎంత సిగ్గంటే, ఆ గదిలో ఎక్కడ చూడాలో తెలియలేదు. కోటేశ్వరరావు గారు బతికుంటే ఆ పూట నన్ను నాలుగు తిట్టేవారు, నాకు కాస్త తేలికయ్యేది.

"అగ్గిపెట్టెలుంటే రెండు ఇవ్వమ్మా" అన్నాను. వెనక మూలల కింద చెరొకటి పెట్టి మిషన్ వేశాను. అమ్మాయి డ్యూటీ మొదలైంది. నేను ముక్కాలిపీట మీద కూర్చుని చేతి వెనకభాగం పక్కన పెట్టుకుని ఉన్నాను. "నమస్తే అండి, చెప్పండి, మీ సమస్యేంటండి" అని ఆ పిల్ల ఒక్కొక్కరితో ఎంత ఓపిగ్గా మాట్లాడుతోందో అప్పుడు విన్నాను. ఆ ప్రశ్న నేను ఒక్కసారి ఆ గొంతుతో అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. టీ వేళ దాటింది. మిషన్ ఆగలేదు.

నోటుబుక్కులోంచి కాగితం చింపించుకుని రాశాను. "ముందు నేనిచ్చిన కాగితం తప్పు. లోపం ఈ అమ్మాయిది కాదు. నేను రిపేరు చేసేటప్పుడు మిషన్ అడుగు కాళ్లు పీకి తిరిగి పెట్టకపోవడం వల్ల ఇది వేడెక్కి ఆగిపోయింది. తప్పు పూర్తిగా నాది." చదివి వినిపించమంది నాగేంద్రమ్మ. రాయడం కన్నా పైకి చదవడం కష్టమైంది. ఆవిడ కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"దీనికి ముద్ర లేదేంటండి?"

"ముద్ర షాపులో ఉందమ్మా. సంతకం చాలు."

"తప్పు మా అమ్మాయిదని రాసినదానికి ముద్రేశారు గదండి. మీదని రాసినదానికి అక్కర్లేదా?"

కాగితం తీసుకుని స్టేషన్‌కి నడిచాను. తెనాలి వెళ్లి షాపు తీసి ముందు ముద్ర కొట్టాను. తర్వాత పేపరు పరిచి సీసా బోర్లించాను. ఒకే రకం కాళ్లని పక్కపక్కన పెట్టుకుంటూ వెతికితే ఆ మిషన్‌వి మూడు దొరికాయి. నాలుగోది దొరకలేదు. అంత రబ్బరులో ఒక్క ముక్క సరిపోలేదు. బజారుకెళ్లి వెతికే తీరిక లేదు, తిరుగు బండికి వేళవుతోంది. షాపులో తిరగడానికి వేసుకునే హవాయి చెప్పులు కనబడ్డాయి. కుడి చెప్పు మడమ దగ్గర బ్లేడుతో ముక్క కోసి, మందం తగ్గించి, గుండ్రంగా చెక్కాను. నీలం రంగు కాలు. నాలుగూ చొక్కా జేబులో వేసుకుని, హడావుడిలో ఆ చెప్పులతోనే బండెక్కాను.

బాపట్లలో దీపాలు పెట్టే వేళకి వాళ్లింట్లో కూర్చుని నాలుగు కాళ్లూ అంటించాను. టేబుల్ మీద పెట్టాను. నాగేంద్రమ్మ వంటింట్లోకి వెళ్లి తుడిచే గుడ్డ తెచ్చింది. ఇటునుంచి దూర్చింది, అటువైపు వెళ్లి లాగింది.

"వచ్చిందండి" అంది.

నా ఇన్నేళ్ల పనిలో ఇంతకంటే పెద్ద పరీక్ష పాసవలేదు. వెళ్తుంటే ఆవిడ నా కాళ్లవైపు చూసి, కోసిన చెప్పు చూసి, అప్పుడు నవ్వింది. "ఇకనుంచి ముందు దాని కాళ్లు చూడండి సాయిబు గారూ, తర్వాత మనుషుల్ని అందురు గాని" అంది.

కొత్తగా వచ్చేవాళ్లకి

గురువారం కాగితం వెళ్లింది. మధ్యాహ్నం ఆ మేడమ్ నాకు ఫోన్ చేసింది. "ఇది నిజంగా మీరే రాశారా? తప్పు నాదని మెకానిక్ రాసిచ్చిన కాగితం నేనెప్పుడూ చూడలేదండి" అంది. నేను కూడా చూడలేదని చెప్పాను. ఉద్యోగం నిలిచింది. నా కాగితం వల్ల నిలిచిందని గొప్పలు పోను, ఆ పిల్ల నోటి మంచితనం వల్లే నిలిచి ఉంటుంది. కానీ నా మొదటి కాగితం వెళ్లి ఉంటే ఆ మంచితనం ఏ పాటి అక్కరకొచ్చేదో నాకు బాగా తెలుసు.

ఆ తర్వాత షాపు మూసేదాకా కాళ్లు అంటించకుండా ఒక్క మిషన్ గుమ్మం దాటనివ్వలేదు. రావు గారి స్కూటర్ లేకపోయినా సిటీ బస్సో ఆటోనో ఎక్కి ఇళ్లకి వెళ్లడం మొదలెట్టాను. కాఫీ ఇస్తే తాగాను. గుర్తున్న పాత కస్టమర్లకి ఫోన్లు చేశాను. "మీ మిషన్ కాళ్లు నా దగ్గరున్నాయండి" అంటే కొందరు నాకు మతి చలించిందనుకున్నారు. కొందరు ఆ మిషన్ అప్పుడే పోయిందన్నారు. వేడెక్కి మళ్లీ మళ్లీ నా దగ్గరికొచ్చినవాళ్లు, నేను పరుపు సంగతి ఎత్తి తిట్టి పంపినవాళ్లు, వాళ్లలో ఎంతమంది నిజం చెప్పారో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. అది నన్ను బాధపెడుతుంది. సీసా నిండా ఉన్నది అదే.

మీకు నేను చెప్పేది పెద్దగా లేదు. మీ బల్ల మీద బాగా ఆడిందంటే మీ బల్ల బాగుందని అర్థం. వాళ్లింట్లో ఆడాలి. రోజూ ఆ టేబులు తుడిచే మనిషెవరో కనుక్కుని ముందు ఆవిణ్ణి అడగండి. పొరపాటు మీదైతే ముద్ర కూడా కొట్టండి.

పనిముట్లన్నీ రేపల్లెలో కొత్తగా షాపు పెట్టిన ఒక అమ్మాయికి ఇచ్చేశాను. సీసా మాత్రం ఇవ్వలేదు, మా ఇంటి కిటికీలో ఉంది. ఆ హవాయి చెప్పులు కూడా ఉన్నాయి. "ఏమండీ, ఆ తెగిన చెప్పులు పారేసి కొత్తవి కొనుక్కోరాదూ?" అని మా ఆవిడ హసీనా రోజుకోసారి సణుగుతుంది. నడుస్తుంటే కుడి మడమ కింద కోసిన గుంట తగులుతూ ఉంటుంది. తగలనీ అని రోజూ అవే తొడుక్కుంటున్నాను.